నీళ్ళ మీద పడితే

బట్టల్ని ముందు పాలిథిన్ కవర్లో పెట్టి, మూతి బిగించి ముడేసి, ఆ తర్వాతే సంచిలో సర్దుతోంది ప్రసన్నకుమారి. చీరలకొక కవరు, చుడీదార్లకొక కవరు, ఫోను ఛార్జరుకొక కవరు. దువ్వెన కూడా కవర్లోకే వెళ్ళింది.

"రైల్లోకి వరదొస్తుందామ్మా?" అంది వినీల, కంప్యూటరు ముందు నుంచి తల తిప్పకుండానే.

"వచ్చేటప్పుడు నీకు చెప్పి వస్తుందా? నీ పని నువ్వు చూసుకో."

"చింతకాయ పచ్చడి కూడా కవర్లోనేనా?"

"అది సీసా. దానికి రెండు కవర్లు."

ఆదివారం సాయంత్రం రాజమండ్రిలో బెంగుళూరు బండి ఎక్కాలి వినీల. ఇంకా బుధవారమే. అయినా తల్లి అప్పుడే సర్దడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరు గుమ్మం దాటి ఎటు వెళ్ళాలన్నా ఆమెకు రోజుల ముందు నుంచే గుండె దడ. చేతులకు పని చెబితే ఆ దడ కాస్త నెమ్మదిస్తుందేమో. సర్దినంతసేపూ ఆమె వీపు కంప్యూటరు వైపే ఉంటుంది. ఆ తెర మీద గోదావరి కనిపిస్తుంది కనుక అటు చూడదు.

కంప్యూటర్లో విమానాలు నడిపే ప్రోగ్రాం ఒకటుంది. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఏ దేశం వాళ్ళయినా దాని లోపలి రాతను విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, తమకు చేతనైంది చేర్చొచ్చు. ధవళేశ్వరంలో ఒక చిన్న బడిలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెప్పుకునే వినీల అందులోకి వరద గోదావరిని చేర్చింది. మధురపూడి విమానాశ్రయంలో హెలికాప్టరు పైకి లేస్తుంది. ఆనకట్ట మీదుగా కిందికి వెళ్ళి, ఏటి నడుమనున్న ఒక్కో లంక మీదా వరుసగా అన్నం పొట్లాలు వెయ్యాలి. పొట్లం నేల మీద పడగానే 'చేరింది' అని ఆకుపచ్చ అక్షరాలు పడతాయి. బాణం గుర్తు తర్వాతి లంక వైపు తిరుగుతుంది. ఏ లంక ఎక్కడుంది, వేశాక ఏం జరగాలి అన్నదంతా వరుసగా రాసిపెట్టిన దాన్ని స్క్రిప్టు అంటారు. వినీల దాన్ని ఏడాది పాటు రాసింది. ఈ ప్రోగ్రాం వాళ్ళంతా కలిసే బెంగుళూరు సభలో నలుగురి ముందూ నడిపి చూపించాల్సింది దాన్నే.

ఆ మధ్యాహ్నం నుంచి హెలికాప్టరు మేరకలంక దగ్గర ఆగిపోతోంది.

ముందున్న లంకల్లో బాగానే వేస్తోంది. మేరకలంక మీద కూడా పొట్లం పడుతోంది. పడ్డాక ఏమీ జరగడం లేదు. ఆకుపచ్చ అక్షరాలు లేవు, బాణం తిరగదు. హెలికాప్టరు అక్కడే గాలిలో గిరగిరా తిరిగి తిరిగి, ఇంధనం అయిపోయి ఏట్లో కూలిపోతోంది.

ఎండలని ఒంటిపూట బడులు పెట్టారు. గురువారం బడి నుంచి వస్తూనే చెప్పులు విప్పి కంప్యూటరు ముందు కూర్చుంది వినీల. స్క్రిప్టులో ఎక్కడో చుక్కో కామానో జారిపోయి ఉంటుందని మొదటి అనుమానం. పైనుంచి కిందిదాకా చదివింది. ఏదీ జారలేదు. బియ్యంలో రాళ్ళేరినట్టు మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత అక్కడక్కడా కొత్త వరుసలు పెట్టింది. పొట్లం ఎంత ఎత్తులో ఉందో, కింద ఏముందో ప్రతి క్షణం తెర అంచున అచ్చు వెయ్యమని వాటి పని. పొట్లం దిగుతున్నకొద్దీ అంకెలు తగ్గుతూ వచ్చాయి. సున్నా దగ్గర ఆగాయి. పక్కన 'నేలేనా?' అన్న ప్రశ్నకు జవాబు మాత్రం కాదు, కాదు, కాదు అని కిందిదాకా పడుతూనే ఉంది.

అంటే స్క్రిప్టు ఆగలేదు. నేల తగిలేదాకా ఎదురు చూస్తోంది.

ఎందుకు తగలడం లేదు? ఈ స్క్రిప్టే పోయిన నెల నడిచింది. మధ్యలో మారింది ఒకటే. కింది భూమి బొమ్మ. బెంగుళూరు సభ కోసమని కొత్త మ్యాపు వచ్చింది. వినీల దాన్ని పక్కకు తీసి పాత మ్యాపు పెట్టింది. హెలికాప్టరు మేరకలంక దాటి హాయిగా వెళ్ళిపోయింది. మళ్ళీ కొత్తది పెట్టింది. ఆగింది. కొత్త మ్యాపును పెద్దది చేసి చూసింది. మేరకలంకకని ఆమె అక్షాంశ రేఖాంశాల అంకెలు వేసిన చోట నేలరంగు లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒకటే నీలం.

"మా ఊరిని తుడిచేశారు" అంది పైకే.

ప్రసన్నకుమారి పెసలు బాగుచేస్తున్న చేట ఒక్కసారి ఆగింది. మళ్ళీ కదిలింది.

శుక్రవారం మధ్యాహ్నం ఉదయభాస్కర్ ఫోను చేశాడు. రాజమండ్రి మనిషే. బెంగుళూరులో ఉద్యోగం. సభలో గోదావరి భాగానికి పెద్ద ఆయనే. వినీల పంపే మార్పుల్ని చూసి లోపలికి తీసుకోవాలో వద్దో చెప్పేదీ ఆయనే.

"వినీల గారూ, చూశానండి. మీ స్క్రిప్టు పోయింది."

"స్క్రిప్టు పోలేదు సార్. పాత మ్యాపు మీద నడుస్తోంది. కొత్త మ్యాపులో మేరకలంకే లేదు."

"శాటిలైటు బొమ్మల్లోంచి తీసిందండి అది. శాటిలైటుకి తెలీదు, మీకు తెలుసు అంటారు?"

"మా ఊరండీ అది. అక్కడి చర్చి మెట్ల మీద ఆడుకుని పెరిగాను. వరద రోజుల్లో తీసిన బొమ్మ చూసి నీలం పూసేసుంటారు."

"అయుండొచ్చు. ఇప్పుడు మ్యాపు మార్చే టైము లేదు. ఇంత చిన్నదానికి ఎందుకండీ అంత బాధ? పొట్లం నేల తాకిందా లేదా అని చూస్తున్నారు కదా, ఆ చూడ్డం తీసేయండి. వేసిందంటే చేరినట్టే. ఒక్క వరుస మార్పు. నేలైతే ఏంటి, నీళ్ళయితే ఏంటి?"

వినీల తెర మీది ఆ నీలం వంక చూసింది.

"హలో? ఉన్నారా?"

"ఉన్నానండి. అది తియ్యను."

"అదేంటండీ?"

"వేసిందంటే చేరినట్టు కాదండి."

ఈ లెక్క ఆమె ఇదివరకు విన్నది. వరద తీసిన తర్వాత ఎవరో ఒకాయన రేవులో నిలబడి, మైకు పట్టుకుని, వేసిన పొట్లాలన్నీ చేరాయని చెప్పి వెళ్ళిపోయాడు. మేరకలంక వాళ్ళు విన్నారు. వాళ్ళ కళ్ళ ముందే కొన్ని పొట్లాలు ఏట్లో పడ్డాయి. అలా పడి తేలుతున్న ఒకదాని కోసం వినీల అన్న జయపాల్ చిన్న పడవ వేసుకుని వెళ్ళాడు. చర్చి మేడ మీద పసిపిల్లలున్నారు మరి. తర్వాత కొన్నాళ్ళకు కింద ఎక్కడో పడవ దొరికింది. పడవ ఒక్కటే.

ఆ వరద తర్వాత లంక వదిలి వినీలతో ధవళేశ్వరం వచ్చేసిన ప్రసన్నకుమారి ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడదు. మాట్లాడినా 'వాడు వచ్చాక' అనే మాట్లాడుతుంది. వాడు వచ్చాక ఆ తలుపుకి గడియ వేయిస్తాను. వాడు వచ్చాక సున్నం వేయిద్దాం. విన్నవాళ్ళు తలూపి ఊరుకుంటారు. వినీల కూడా అంతే.

వరద మొదటిరోజు 'ఇక్కడున్నాం' అంటూ ఫోన్లో తానున్న చోటు గుర్తు పంపాడు జయపాల్. స్క్రిప్టులో మేరకలంక అన్న పేరు పక్కన ఉన్న అంకెలు ఆ గుర్తులోవే.

"రేపు లంకకి వెళ్తున్నానమ్మా" అంది ఫోను పెట్టేసి.

ప్రసన్నకుమారి చేతిలోని పెసల చేట కిందపడింది. "ఏరు దాటొద్దని చెప్పానా లేదా? నువ్వే ఒట్టేశావు కదే, జన్మలో పడవెక్కనని!"

"వేశాను. నేల ఉందని ఫోటో తీసుకొచ్చి వాళ్ళ మొహాన కొట్టాలి. లేకపోతే లంక లేదు, అక్కడ మనుషుల్లేరు, వేసినవన్నీ చేరాయి అంటారు. మళ్ళీ అదే అంటారు."

"కంప్యూటర్లో అంటే అననీ. ఆటే కదా అది."

"ఆటే. ఆటలో కూడా అదే అబద్ధమా?"

ప్రసన్నకుమారి కిందపడ్డ పెసలు ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చుంది. పొద్దున్నే వినీల చూసేసరికి చేతిసంచిలో పాలిథిన్ కవర్లో చుట్టిన తువ్వాలు, చున్నీకి కట్టుకోవడానికి మూతలు బిగించిన ఖాళీ నీళ్ళ సీసాలు రెండు ఉన్నాయి. మునిగితే తేలతాయని. వినీల నవ్వబోయి మానేసింది. సీసాలు తీసుకునే వెళ్ళింది.

రేవులో పెదబాబు పడవ ఉంది. వరసకు మేనమామ. జయపాల్‌కి పడవ నేర్పింది ఆయనే. వినీలను చూసి బీడీ పారేసి లేచాడు.

"ఏవమ్మా టీచరమ్మా, దారి మర్చిపోయావనుకున్నాం. అమ్మ రానిచ్చిందా?"

"రానివ్వలేదు మావయ్యా. వచ్చాను."

"అద్గదీ. ఎక్కు. ఆ సీసాలేంటి, తాటికల్లు పట్టుకెళ్తావా?"

పడవలో గడ్డి కోసుకునే ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. వినీల అడ్డచెక్కను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఎండాకాలపు ఏరు. మెల్లగా, పచ్చగా, ఏమీ ఎరగనట్టు పారుతోంది. ఫోన్లో జయపాల్ పంపిన గుర్తు తెరిచి పెట్టుకుంది. పడవ దానికి దూరంగా కుడివైపు తిరిగింది.

"అటు కాదు మావయ్యా. ఇటు."

"ఇటేముందమ్మా?"

"చర్చి. చర్చి దగ్గరికి పోనీ."

పెదబాబు ఆమె మొహం వంక చూశాడు. చెప్పబోయి, ఆగి, పడవ తిప్పాడు. ఫోన్లో తామున్న చోటు చూపే చుక్క ఆ గుర్తుకు దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, దాని మీదికే వచ్చి ఆగింది. చుట్టూ నీళ్ళు. పెదబాబు ఇంజను ఆపి గెడ తీశాడు. నిలువుగా ఏట్లో దించాడు. గెడ సగం దిగింది. ముప్పాతిక దిగింది. ఆయన వేళ్ళు నీళ్ళకు తగిలాయి. అడుగు తగల్లేదు.

"ఇక్కడేనమ్మా చర్చి. నిరుటి కోతకి పోయింది. ముందు మెట్లు, తర్వాత మేడ. మీ అమ్మకి చెప్పలేకపోయాం."

వినీల పడవ అంచు మీంచి కిందికి చూసింది. నీళ్ళు పారుతున్నాయి. అంతే. శాటిలైటు అబద్ధం చెప్పలేదు.

"మరి ఊరు పోయిందా?" అంది.

"ఊరెక్కడికి పోద్దీ?" పెదబాబు గెడ పైకి లాగి దూరంగా చూపించాడు. దిగువన, ఇసుక మేట మీద రేకుల కప్పులు, అరటి మొక్కలు, ఆరేసిన చీరలు. "లంకంటే ఏంటనుకున్నావే, రాజమండ్రి బస్టాండా, కట్టిన చోటే పడుండటానికి? పైన కోసింది, కింద మేటేసింది. తలుపులు, గుమ్మాలు, చర్చి గంట పడవల్లో వేసుకుని కిందికి దిగిపోయాం. తాడేసి కొలుచుకుని మళ్ళీ పంచుకున్నాం. మీ తాత మూడుసార్లు మారాడు. లంకలో పుట్టినదానివి, నీకూ చెప్పాలా?"

గడ్డి ఆడవాళ్ళలో ఒకామె, "పట్నం నీళ్ళు తాగితే అంతే" అంది. వినీలకు సిగ్గేసింది. ఏరు ఎటు కోస్తే అటు జరిగే ఊరిని రెండంకెలు వేసి మేకు కొట్టి నిలబెట్టింది తను. ప్రపంచం మొత్తం మీద ఆ పొరపాటు చెయ్యకూడని మనిషెవరైనా ఉంటే తనే.

మేట మీద దోసపాదులు పూతకొచ్చి ఉన్నాయి. రేకులషెడ్డు చర్చి ముందు, రెండు తాటిదూలాల మధ్య గంట వేలాడుతోంది. వినీల దాని కింద నిలబడి కొత్త అంకెలు ఫోన్లోకి ఎక్కించుకుంది. పెదబాబు కుండలో నీళ్ళు ముంచి ఇచ్చి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"ఆ రోజు నువ్వు చూశావా మావయ్యా?"

"చూడకేం? పక్కనే ఉన్నాను. మేడ మీద పడుద్దనుకున్న పొట్లం గాలికి ఏట్లో పడింది. హెలికాప్టరు ఎల్లిపోయింది. మళ్ళీ తిరిగొచ్చి ఏస్తాదా, ఎయ్యదా? ఎవరికి తెల్సు? 'నీళ్ళలో పడిందిలే, ఉండండి, మళ్ళీ ఏస్తాం' అని సైగైనా చేస్తే జయపాల్ ఆగిపోయేవోడు. పట్టుకున్నాను. చెయ్యి ఇదిలించుకుని ఎల్లిపోయాడు."

ఆయన తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. ఆ చేతిని లుంగీకి తుడుచుకుని లేచాడు.

తిరుగు ప్రయాణంలో వినీల అడ్డచెక్క పట్టుకోలేదు. స్క్రిప్టులో ఏం లేదో ఇప్పుడు తెలిసింది. నేల తగిలితే ఏం చెయ్యాలో రాసింది. నీళ్ళ మీద పడితే ఏం చెయ్యాలో రాయలేదు. మర్చిపోయి కాదు. ఆ వరుస దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి ఏదో ఒక పని చూసుకుంది. అందుకే హెలికాప్టరు తగలని నేల కోసం ఏటి మీద తిరుగుతూనే ఉంది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, తల్లి అన్నం పెట్టేలోగా కూర్చుంది. ముందు జయపాల్ పంపిన అంకెల మీద వెలుగుతున్న కర్సరు గీతను పెట్టింది. ఒక్కో అంకే వెనక్కి చెరిపింది. కొత్త అంకెలు వేసింది. ఆ తర్వాత, నేలైతే అన్న భాగం కింద, నీళ్ళయితే అని మొదలుపెట్టింది. నీళ్ళయితే ఎదురుచూడటం ఆపాలి. 'చేరింది' అనకూడదు. బాణం తర్వాతి లంకకు తిరగకూడదు. ఎర్ర అక్షరాలతో చెప్పాలి. హెలికాప్టర్ని మళ్ళీ అదే లంక మీదికి పంపాలి.

నడిపి చూసింది. పరీక్షకని కావాలనే లంక దాటించి ఏట్లో వేసింది. పొట్లం నీలం మీద పడింది. తెర మధ్యలో అక్షరాలు వెలిగాయి. 'నీళ్ళలో పడింది. వెనక్కి తిరగండి.' బాణం మేరకలంక వైపే తిరిగింది. హెలికాప్టర్ని వెనక్కి మళ్ళించి, రేకులషెడ్డు ఉండే చోట రెండో పొట్లం వేసింది. ఆకుపచ్చ. మార్పును ఉదయభాస్కర్‌కి పంపేసింది.

వెనక కంచం చప్పుడైతే తిరిగి చూసింది. ప్రసన్నకుమారి అన్నం కంచంతో నిలబడి ఉంది. తెర వైపే చూస్తోంది.

"మళ్ళీ వెయ్యి" అంది.

వినీల మళ్ళీ ఏట్లో వేసింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. తల్లి పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివింది. హెలికాప్టరు వెనక్కి తిరిగింది. ఆమె కంచం బల్ల మీద పెట్టి పక్కనే స్టూలు మీద కూర్చుంది.

అప్పుడే ఉదయభాస్కర్ ఫోను. "మీరు పంపింది చూశానండి. మ్యాపే తప్పన్నారు, ఇప్పుడు మీ అంకెలు మీరే మార్చారు!"

"మ్యాపు కరెక్టేనండి. తప్పు నాది. లంక కిందికి జరిగింది."

"బాగుంది. మరి ఈ ఎర్రక్షరాలేంటి? సభలో నడిపేది అతిథులండి. చెయ్యి తిరిగినవాళ్ళు కాదు. సగం పొట్లాలు ఏట్లోనే వేస్తారు. ప్రతిసారీ నీళ్ళలో పడింది, వెనక్కి తిరగండి అంటే వాళ్ళకేం బాగుంటుంది? వేసిందంటే చేరినట్టు చేసేయమన్నాను కదా."

"వాళ్ళకి బాగుండక్కర్లేదండి. వెనక్కి తిరగాలి."

"మరీ మొండి పట్టండీ మీది. నేను తీసేస్తే ఏం చేస్తారు?"

"తీసెయ్యండి. మీకు హక్కుంది. ఏం తీశారో, ఏ రోజు తీశారో, మీ పేరుతో సహా అందులో ఉండిపోతుంది. ఏ దేశంవాడు తెరిచినా కనిపిస్తుంది. అది మాత్రం మీరూ తియ్యలేరు, నేనూ తియ్యలేను."

"గోదారోళ్ళతో పెట్టుకోకూడదండీ బాబూ" అన్నాడు ఉదయభాస్కర్.

"మీదీ రాజమండ్రే కదండీ."

"అదే నా ఖర్మ. సరే, ఉంచుతాను. మార్పుకి కారణం రాసే చోటు ఖాళీగా వదిలేశారు. అది నింపి పంపండి. ముందు ముందు ఎవరైనా ఈ వరుస ఎందుకని తీసేయబోతే, చదివి ఆగాలి. సూటిగా రాయండి."

ఫోను పెట్టేశాక వినీల ఆ ఖాళీ గడిలోకి వెళ్ళింది. 'పొట్లం నీళ్ళ మీద పడే అవకాశం ఉన్నందున' అని కొట్టింది. చదువుకుని చెరిపేసింది. ఇంకేదో కొట్టింది. అదీ చెరిపింది.

"ఏంటే, రాస్తావు, చెరుపుతావు?" అంది తల్లి.

"ఈ వరుస ఎందుకు పెట్టానో చెప్పాలమ్మా. ఎవరూ తియ్యకుండా."

"చెప్పు మరి."

"ఏమని చెప్పను?"

ప్రసన్నకుమారి పైటచెంగుతో మొహం తుడుచుకుంది. తెర మీద, గాలిలో ఆగి ఉన్న హెలికాప్టరు కింద గోదావరి కదులుతోంది. ఆమె చూపు తిప్పుకోలేదు.

"జరిగిందే చెప్పు. నేను చెప్తాను, కొట్టు" అంది.

ఆమె చెబుతుంటే వినీల ఒక్క మాటా మార్చకుండా కొట్టింది.

'మేరకలంకలో పొట్లం నీళ్ళలో పడింది. హెలికాప్టరు వెనక్కి తిరగలేదు. పొట్లం కోసం పడవేసుకుని వెళ్ళిన నా కొడుకు జయపాల్ తిరిగి రాలేదు. 2022 జూలై 16, శనివారం.'